బార్రా డెల్ కొలరాడోలో తేలిక గాలంతో టార్పన్: ఏ లైను, ఎంత డ్రాగ్?

ఉప్పుగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కోస్టారికా కరీబియన్ తీరంలో, నికరాగువా సరిహద్దుకు దగ్గరగా, రియో కొలరాడో సముద్రంలో కలిసే బార్రా డెల్ కొలరాడో అనే చోట ఒక చిన్న లాడ్జిలో కొద్ది రోజులు గాలం వేసే అవకాశం నాకు దొరికింది. ఆ ఊరికి రోడ్డు లేదు. పడవ మీదనో, చిన్న విమానంలోనో చేరుకోవాలి. అక్కడికి వెళ్లాక ఏదైనా మరిచిపోయామని తెలిస్తే కొనుక్కోవడానికి దుకాణాలు ఉండవు కాబట్టి ఇప్పుడే అన్నీ తేల్చుకోవాలని ఈ ప్రశ్న అడుగుతున్నాను.

నాకు నదుల్లోనూ జలాశయాల్లోనూ 7 అడుగుల స్పిన్నింగ్ రాడ్, 6 కిలోల లైనుతో (అంటే 6 కిలోల లాగుడుకు తెగే లైనుతో) చేపలు పట్టడం బాగా అలవాటు. అదే సరంజామాతో టార్పన్ అనే పెద్ద సముద్రపు చేపను ప్రయత్నించాలని నా కోరిక. లాడ్జివారు మాత్రం 50 పౌండ్ల (సుమారు 23 కిలోల) బ్రెయిడ్, అంటే పోగులు అల్లి చేసిన లైను, తెచ్చుకోమని రాశారు. అంత లావు లైనుతో పట్టేటట్టయితే తేలిక గాలం అనే మాటకు అర్థమేముందని నా అనుమానం. 6 కిలోల లైనుతో 40, 50 కిలోల టార్పన్‌ను పడవ పక్కకు తేవడం నిజంగా సాధ్యమేనా? సాధ్యమైతే డ్రాగ్‌ను, అంటే చేప లాగినప్పుడు లైనును కొంత బిగువుతో వదిలే రీలులోని బ్రేకును, ఎంత బిగించుకోవాలి? మరొక విషయం, అక్కడి ఆటుపోట్ల పట్టిక చూసుకొని తేదీలు ఖరారు చేసుకోవడం మంచిదా, లేక వాన తక్కువగా ఉండే నెలలను చూసుకోవాలా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సరంగు

ఉప్పుగాలి గారూ, సాధ్యమే. అయితే సాధ్యమైనదల్లా చేయదగినదేనా అన్నది వేరే ప్రశ్న, దాని సంగతి చివర్లో చెబుతాను.

మొదట డ్రాగ్ గురించి. చాలామంది లైను మీద రాసి ఉన్న అంకెనూ చేప బరువునూ పక్కపక్కన పెట్టి భయపడతారు. చేపకు గాలితిత్తి ఉంటుంది, అది నీటిలో దాదాపు బరువు లేకుండా తేలుతూ ఉంటుంది కాబట్టి 50 కిలోల చేపను మీ లైను మోయవలసిన పని లేదు. లైను తట్టుకోవలసింది చేప ఈత బలాన్ని మాత్రమే. ఆ బలాన్ని ఎంతవరకు లైను మీద పడనివ్వాలి, ఎక్కడ వదిలిపెట్టాలి అన్నది డ్రాగ్ నిర్ణయిస్తుంది. మామూలుగా లైను తెగే బలంలో నాలుగో వంతుకు డ్రాగ్‌ను అమర్చుకుంటారు. 6 కిలోల లైనుకు అది సుమారు 1.5 కిలోలు.

ఈ 1.5 కిలోలను చేత్తో లాగి చూసి అంచనా వేయకండి. లైనును రాడ్ మీది గైడ్లన్నింటి (లైను పోయే రింగుల) గుండా పోనిచ్చి, కొసను స్ప్రింగ్ త్రాసుకు కట్టి, రాడ్‌ను 45 డిగ్రీల కోణంలో మీరు పట్టుకొని ఉండగా ఇంకొకరు త్రాసు పట్టుకొని నెమ్మదిగా వెనక్కు నడవాలి. స్పూల్ (రీలులో లైను చుట్టి ఉండే భాగం) తిరుగుతున్నంతసేపూ త్రాసు ముల్లు ఎక్కడ నిలుస్తున్నదో చూడండి. స్పూల్ కదలడం మొదలయ్యే క్షణంలో ముల్లు ఒక్కసారి పైకి ఎగబాకి, ఆ తరువాత కిందికి పడిపోతున్నట్లయితే డ్రాగ్ వాషర్లు పట్టేస్తున్నాయని అర్థం. సన్నటి లైను తెగేది సరిగ్గా ఆ ఎగబాకే క్షణంలోనే. అటువంటి రీలును ప్రయాణానికి ముందే విప్పించి శుభ్రం చేయించుకోవాలి. లావు లైనుతో పట్టేవారికి ఈ లోపం ఏళ్ల తరబడి కనిపించకుండా దాగి ఉంటుంది.

ఇక అసలు చిక్కు పరుగు మొదలైన తరువాత వస్తుంది. చేప లాక్కుపోతున్నకొద్దీ స్పూల్ మీద లైను చుట్ట తరుగుతుంది. ఆ చుట్ట వ్యాసం సగమైతే, మీరు బిగింపును ముట్టుకోకపోయినా లైను మీద పడే లాగుడు రెట్టింపవుతుంది, ఎందుకంటే స్పూల్‌ను తిప్పడానికి కావలసిన మెలి మారదు గానీ ఆ మెలిని కలిగించే చుట్ట చిన్నదైపోతుంది. అంటే మీ 1.5 కిలోలు కాస్తా 3 కిలోలు. దాని మీద రాడ్ వంగి ఉన్నందువల్ల గైడ్ల దగ్గర కలిగే రాపిడి, నీటిలో వంపు తిరిగి అడ్డంగా కోసుకుపోతున్న లైనుకు నీరు కలిగించే నిరోధం చేరతాయి. చేప ఇంకా తల విదిలించకముందే మీరు అంచుకు చేరుకున్నారన్నమాట. ఇటువంటప్పుడు కంగారుపడి డ్రాగ్ బిగించడం సహజంగా అందరికీ తోచే పని. చేయవలసింది దానికి సరిగ్గా తలకిందులు. దూరంగా పోయినకొద్దీ డ్రాగ్ వదులు చేసి, రాడ్‌ను కిందికి దించి, పడవను చేప వెంట తోలించాలి. దగ్గరికి వచ్చాక అవసరమైన అదనపు ఒత్తిడిని స్పూల్ అంచు మీద వేలు ఆనించి ఇవ్వవచ్చు, తల విదిలించగానే ఆ వేలు తీసేయవచ్చు. నాబ్ తిప్పి ఇచ్చిన ఒత్తిడిని అంత వేగంగా వెనక్కు తీసుకోలేము.

టార్పన్ ఎగురుతుంది. నీటిలో లేని బరువు గాలిలోకి లేచిన క్షణంలో దానికి తిరిగి వస్తుంది, పైగా తల విదిలిస్తుంది. అందుకే అది లేచే సూచన కనబడగానే, అంటే లైను నీటిని కోస్తూ పైకి వస్తున్నట్టు తోచగానే, మోకాళ్లు వంచి, చేతులు చాచి, రాడ్ కొనను చేప వైపు తోసి లైనును వదులు చేయాలి. ఇది రెండో స్వభావం అయ్యేదాకా ఏ లైనుతోనైనా చేపలు పోతూనే ఉంటాయి, 6 కిలోల లైనుతో మరీ ఎక్కువ పోతాయి.

ఇప్పుడు చేయదగినదా అన్న ప్రశ్న. టార్పన్ గాలితిత్తి ఊపిరితిత్తిగా కూడా పనిచేస్తుంది. అలసిన చేప నీటి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి మళ్లీ కొత్త బలంతో లాగుతుంది. మీ ఒత్తిడి తక్కువైతే దానికి అలా గాలి మింగే అవకాశాలు పెరుగుతాయి, పోరు గంటల్లోకి సాగుతుంది. పైగా మీరు వెళ్లేది రియో కొలరాడో సముద్రంలో కలిసే చోటికి. అది శాన్ హువాన్ నదికి పాయ, బుల్ షార్క్‌లు ఆ నది మీదుగానే నికరాగువా సరస్సు దాకా వెళతాయి. గంటన్నర లాగి నీరసించిపోయిన టార్పన్‌ను అటువంటి నీటిలో విడిచిపెట్టి, దానికి ప్రాణం పోశామని సంతోషించడం నాకు సమ్మతం కాదు. టార్పన్‌కు 10 కిలోల తరగతి లైను కంటే తక్కువ వాడవద్దని నా సలహా. 50 కిలోల చేపకు 10 కిలోల లైను కూడా తేలిక గాలమే, ఆ విషయంలో మీరు చిన్నబోవలసిన అవసరం లేదు.

సన్నదారం

సరంగు గారి డ్రాగ్ వివరణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చివరి నిర్ణయంతో మాత్రం పాక్షికంగానే.

పోరు ఎంతసేపు సాగుతుందన్నది లైను మందం ఒక్కదాని మీదే ఆధారపడదు. 15 కిలోల లైను చుట్టుకొని, రాడ్‌ను నిట్టనిలువుగా ఎత్తిపట్టుకొని, చేప ఎటు పోతే అటు చూస్తూ నిలబడేవారి కంటే, 8 కిలోల లైనుతో రాడ్‌ను పక్కకు వాల్చి, చేప ఎడమకు పోతుంటే కుడికి, కుడికి పోతుంటే ఎడమకు లాగుతూ దాని తలను తిప్పేవారు ముందుగా ముగించడం నేను చూస్తూనే ఉన్నాను. రాడ్ నిలువుగా ఉన్నప్పుడు మనం చేపను పైకి ఎత్తాలని ప్రయత్నిస్తున్నాము, అది దానికి పెద్ద ఇబ్బంది కాదు. పక్కకు లాగినప్పుడు అది ఈదే దిశే దెబ్బతింటుంది. కాబట్టి తేలిక లైను నేరం కాదు, తేలిక లైనుతో తీరుబడిగా పట్టడం నేరం.

ఇక మీరు 6 కిలోలు అంటున్న లైను నిజంగా 6 కిలోలదేనా అని ఒకసారి చూసుకోండి. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం, అంటే ఐజీఎఫ్ఏ, లైన్లను 6, 8, 10, 15 కిలోలు అంటూ తరగతులుగా విభజించి రికార్డులు నమోదు చేస్తుంది. రికార్డుకు పంపిన లైను ముక్కను వారు తడిపి తెంచి చూస్తారు, ఆ తరగతి అంకెను దాటిన తరువాత తెగితే ఆ తరగతిలో రికార్డు ఉండదు. మామూలుగా దుకాణాల్లో దొరికే లైన్లు, ముఖ్యంగా బ్రెయిడ్లు, పెట్టె మీద అంకె కంటే చాలా ఎక్కువ బలానికి గానీ తెగవు. తరగతికి లోబడి తెగే విధంగా తయారైన లైన్లు విడిగా దొరుకుతాయి. రికార్డుల మీద ఆసక్తి లేకపోయినా డ్రాగ్ లెక్క వేసుకునేవారు లైను అసలు బలాన్ని తెలుసుకొని ఉండాలి, లేకపోతే సరంగు గారు చెప్పిన నాలుగో వంతు ఏ అంకెలో నాలుగో వంతు?

లీడర్ (లైను చివర, హుక్‌కు ముందు కట్టే లావు లైను ముక్క) గురించి మీరు అడగలేదు గానీ, తేలిక గాలంలో అన్నిటికంటే లావుగా ఉండవలసింది అదే. టార్పన్ దవడ ఆకురాయి, మామూలు లైనును నిమిషాల్లో అరగదీస్తుంది. 80 పౌండ్ల లీడర్‌కు తగ్గకండి. 10 కిలోలు, అంతకు తక్కువ తరగతి లైన్లకు లీడర్ పొడవు 4.57 మీటర్లు దాటకూడదని ఐజీఎఫ్ఏ నియమం. అంత పొడవు స్పిన్నింగ్ రాడ్‌తో విసరడం కష్టం, ఒకటిన్నర మీటరు చాలు. సన్నటి బ్రెయిడ్‌నూ లావు లీడర్‌నూ కలిపే ఎఫ్‌జీ ముడి గైడ్లలో ఇరుక్కోకుండా జారిపోతుంది. అయితే దాన్ని ఊగుతున్న పడవలో మొదటిసారి వేయాలని చూడకండి, ముందుగానే చేతికి అలవాటు చేసుకోండి. లీడర్లు కట్టిన అదనపు స్పూల్ ఒకటి సిద్ధంగా పెట్టుకోవడం ఇంకా మేలు.

బ్రెయిడా, మోనోనా (అల్లిక లేని ఒంటిపోగు లైనా) అన్న చర్చ ఎప్పటికీ తెగదు. బ్రెయిడ్ సన్నగా ఉండి నీటి నిరోధం తగ్గిస్తుంది, రీలులో ఎక్కువ పొడవు పడుతుంది. మోనో సాగుతుంది, ఆ సాగుడు ఎగిరే చేప దగ్గర మన ఆలస్యాన్ని కొంత క్షమిస్తుంది. టార్పన్‌కు నా ఓటు మోనోకే.

మడపాయ

లైను సంగతి ఇద్దరూ చెప్పారు కాబట్టి నేను నీటి సంగతి చెబుతాను. ఆటుపోట్ల పట్టిక పట్టుకొని ఆ తీరానికి వెళితే పెద్దగా ప్రయోజనం ఉండదు. కోస్టారికా పసిఫిక్ తీరంలో పోటుకూ ఆటుకూ మధ్య తేడా 3 మీటర్ల వరకు ఉంటే, కరీబియన్ వైపు అది అర మీటరు కూడా ఉండదు. అమావాస్య, పౌర్ణమి అని లెక్కలు వేసుకొని తేదీలు ఖరారు చేసుకునే అలవాటు పసిఫిక్ తీరానికి సరిపోతుంది. ఇక్కడ చేపను నడిపేది నది. పైన వానలు కురిసి నది బురదనీటిని సముద్రంలోకి తోసినప్పుడు, ఆ గోధుమరంగు నీరు నీలినీటిని తాకే గీత నదీముఖానికి అవతల స్పష్టంగా కనిపిస్తుంది. టార్పన్‌లు గుంపులుగా నీటి మీద దొర్లుతూ కనిపించేది ఆ గీత చుట్టుపక్కలే. పడవ నడిపేవారు ముందు వెతికేది కూడా దాన్నే.

అయితే ఆ గీత దగ్గరికి వెళ్లాలంటే నదీముఖం దగ్గరి ఇసుకమేట దాటాలి. అక్కడ అలలు విరుగుతాయి. బయటి సముద్రం పోటెత్తి ఉన్న రోజున దాటడం ప్రమాదకరం, కొన్నిసార్లు రోజుల తరబడి దాటనివ్వరు. ఈ విషయంలో పడవ నడిపేవారి మాటే చివరి మాట. డబ్బు చెల్లించాము కదా అని ఒత్తిడి చేసే అతిథులను చూస్తే నాకు భయం వేస్తుంది. లాడ్జిని ఎంచుకునేటప్పుడు గదుల ఫోటోల కంటే ముందు పడవ పొడవు, ఇంజన్ల సంఖ్య, లైఫ్ జాకెట్లు, రేడియో, గాయమైతే బయటికి చేర్చే ఏర్పాటు గురించి అడగండి.

వాన విషయానికి వస్తే, అటువైపు నిజమైన ఎండాకాలం అంటూ లేదు. దక్షిణాన ఉన్న టోర్టుగేరోలో ఏడాదికి 5000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఉన్నంతలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో తక్కువ. పసిఫిక్ తీరానికి సెప్టెంబరు, అక్టోబరులే కుండపోత నెలలు కాబట్టి దేశం మొత్తానికి కలిపి రాసిన వాతావరణ సలహాలు చదివితే తప్పుదారి పడతారు. వాన అంటే గాలం కట్టేసుకోవాలని కాదు, గాలి లేని వానలో పెద్ద చేపలు బాగానే పడతాయి. గాలే శత్రువు.

సముద్రంలోకి పోనివ్వని రోజుల కోసమే మీ 6 కిలోల సరంజామాను తప్పకుండా తీసుకెళ్లండి. వెనుక అడవిలోని మడుగుల్లో, పాయల్లో దాని అసలు ఆట ఉంది. నీటిలోకి వాలిన కొమ్మల కింద మచాకా అనే చేప రాలే పండ్ల కోసం కాచుకొని ఉంటుంది. నీటి మీద టపుక్కుమని పడే గుండ్రటి ఎర ఏదైనా దానికి పండే. పళ్లు పదునైనవి, కాబట్టి లీడర్ చివర బెత్తెడు తీగ ఉండాలి. మునిగిన దుంగల దగ్గర గ్వాపోటే అనే చేప ఉంటుంది, తన చోటికి వచ్చిన దేన్నైనా కొడుతుంది, కొట్టిన మరుక్షణం దుంగ కిందికి దూరుతుంది. ఆ మొదటి మీటరు దూరంలో దాన్ని ఆపగలిగితే ఆపినట్టు, లేకపోతే లేదు. సన్న లైనుతో దాన్ని ఆపడం టార్పన్‌ను పట్టడం కంటే తక్కువ విద్యేమీ కాదు. స్నూక్ అనే చేప కూడా ఉంటుంది, ఏడాది చివరి నెలల్లో కాల్బా అని పిలిచే చిన్న జాతి స్నూక్ గుంపులుగా నదిలోకి వస్తుంది. స్నూక్ మొప్పమూత అంచు కత్తిలా కోస్తుంది, లైనునే కాదు వేళ్లను కూడా. 30 లేదా 40 పౌండ్ల లీడర్ పెట్టుకోండి.

చేపలు పట్టడానికి ఇన్కోపెస్కా అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. దాన్ని లాడ్జివారు తీసుకుంటారా, మీరే తీసుకోవాలా అన్నది ముందే అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఉప్పుగాలి

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. టార్పన్‌కు 10 కిలోల మోనో, మడుగులకు నా పాత 6 కిలోల లైను తీసుకెళ్లాలని నిర్ణయించుకున్నాను. ఇంకొక సందేహం మిగిలింది. చేపను పడవ పక్కకు తెచ్చాక దాన్ని విడిచిపెట్టడం ఎలా? అంత పెద్ద చేపను నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఫోటో కోసం పడవలోకి ఎత్తడం చాలా చిత్రాల్లో చూశాను.

సరంగు

ఎత్తకండి. అంత బరువున్న చేప శరీరానికి నీరే ఆధారం. దవడ పట్టుకొని వేలాడదీస్తే దాని బరువంతా వెన్ను మీదా లోపలి అవయవాల మీదా పడుతుంది. ఫ్లోరిడాలో 40 అంగుళాలు మించిన టార్పన్‌ను నీటి పైకి తీయకూడదని నియమమే ఉన్నది. ఫోటో కావాలంటే మీరే అంచు మీదికి వంగి, దాని తల నీటిలోనే ఉండగా తీయించుకోండి.

సహజమైన ఎర వాడేటట్టయితే సర్కిల్ హుక్ పెట్టండి. అది చేప గొంతులో కాక దవడ మూలలో పడుతుంది. అయితే దానితో పట్టేటప్పుడు చేప తినగానే రాడ్‌ను గట్టిగా గుంజే అలవాటు మానుకోవాలి, లైను బిగిసేదాకా రీలు తిప్పితే చాలు, హుక్ దానంతటదే తిరిగి గుచ్చుకుంటుంది. కృత్రిమ ఎరలకు ఉండే మూడు కొనల హుక్‌లను తీసేసి ఒంటి హుక్ వేసి, దాని కొన దగ్గర వెనక్కు తిరిగి ఉండే ముల్లును పట్టకారుతో నొక్కేయండి. లైను బిగుతుగా ఉన్నంతసేపూ ముల్లు లేకపోయినా చేప పోదు, విడిపించేటప్పుడు మాత్రం ఒక్క మెలితో వచ్చేస్తుంది. మీ చేతికి గుచ్చుకున్నా అంతే సులువుగా వస్తుంది, డాక్టరు పడవ ప్రయాణమంత దూరంలో ఉన్న చోట అది చిన్న విషయం కాదు.

విడిచేటప్పుడు కింది దవడ పట్టుకొని, పడవను అతి నెమ్మదిగా ముందుకు నడిపిస్తూ, నోటిలోంచి మొప్పల గుండా నీరు పోయేటట్టు చేయండి. ముందుకూ వెనక్కూ ఊపడం వల్ల నీరు తప్పుడు దిశలో పోతుంది. తోక బలంగా కొట్టి చేయి విడిపించుకునేదాకా ఆగండి. చుట్టుపక్కల షార్క్ కనిపిస్తే మాత్రం ఈ సేవ అంతా మానేసి, లీడర్‌ను వీలైనంత దగ్గరగా తెంచి చేపను వెంటనే వదిలేయాలి, ఆ చోటు విడిచిపెట్టి వేరే చోటికి పోవాలి.

సన్నదారం

ఒక చేర్పు. చేతులకు పలుచటి తడి గ్లౌజులు వేసుకోండి. పొడి చేతులతో పట్టుకుంటే పొలుసుల మీద ఉండే జిగురు పొర ఊడిపోతుంది, ఆ పొర పోయిన చోట చేపకు జబ్బు పడుతుంది. ఇక ఎంతసేపటికి లైను తెంచుకోవాలన్నది పోరు మొదలు కాకముందే పడవ నడిపేవారితో మాట్లాడి పెట్టుకోండి. నేను అరగంట అని చెప్పి ఉంచుతాను. చేప చివర్లో ఉన్నప్పుడు ఎవరికీ తెంచాలనిపించదు కాబట్టి గడియారం చూసి చెప్పే బాధ్యత కూడా ఆయనకే అప్పగిస్తాను.